రోడ్డు లేనప్పుడు నిండి, రైలు ఉండగానే ఖాళీ అయిన థర్మండ్

మీరు అడిగినది ఇది. అమెరికాలోని వెస్ట్ వర్జీనియా రాష్ట్రంలో, న్యూ రివర్ లోయ అడుగున థర్మండ్ అనే చిన్న ఊరు ఉంది. ఇరవయ్యో శతాబ్దపు తొలి రెండు దశాబ్దాల్లో చెసపీక్ అండ్ ఒహాయో రైల్వేకు అన్ని స్టేషన్లకంటే ఎక్కువ ఆదాయం తెచ్చిపెట్టినది ఈ ఊరేనని మీరు చదివారు. 2020 జనాభా లెక్కల్లో అక్కడ అయిదుగురే ఉన్నారనీ చదివారు. బొగ్గు గనులు మూతపడడమే ఇందుకు కారణమని రాసి ఊరుకోవచ్చా అన్నది మీ సందేహం.

ఊరుకోకూడదని నా జవాబు. గనులు మూతపడిన మాట నిజమే, కాని థర్మండ్ గనుల ఊరు కాదు, రైల్వే ఊరు. దాన్ని నిలబెట్టినవి మూడు: పక్క లోయల్లోని బొగ్గు మెయిన్ లైను మీదికి చేరడానికి నది మీద కట్టిన వంతెన, ఆవిరి ఇంజనుకు ప్రతి రోజూ కావలసిన సేవలు, బయటినుంచి అక్కడికి రోడ్డు లేకపోవడం. వంతెన ఇప్పటికీ ఉంది. మిగిలిన రెండూ సుమారు ముప్పై ఏళ్ల వ్యవధిలో పోయాయి. నేను రైల్వే ఆపరేటింగ్ విభాగంలో చాలాకాలం పనిచేసినవాణ్ని. ఆ అలవాటు వల్ల ఏ రైల్వే ఊరి చరిత్ర చేతికి వచ్చినా ముందు యార్డు (బండ్లను విడదీసి, కూర్చే పట్టాల ఆవరణ) ప్లాను వెతుకుతాను, ఆ తర్వాతే హోటళ్ల కథలు చదువుతాను. థర్మండ్ విషయంలో చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు.

ముందు నేలను చూడాలి. న్యూ రివర్ ఉత్తర కరోలినా కొండల్లో పుట్టి, వర్జీనియాను దాటి, ఉత్తరాభిముఖంగా వెస్ట్ వర్జీనియాలోకి ప్రవేశిస్తుంది. గాలీ నదితో కలిసిన చోటినుంచి దాన్ని కనావా అంటారు. ఆ కనావా ఒహాయోలోనూ, ఒహాయో మిసిసిపీలోనూ కలుస్తాయి. అంటే అపలాచియన్ల తూర్పు వైపున పుట్టిన నీరు ఆ పర్వతాలను అడ్డంగా కోసుకుంటూ ఖండం లోపలికి పోతుంది. తూర్పు తీరాన్నీ ఒహాయో మైదానాన్నీ కలపాలనుకున్నవారందరికీ ఈ కోత సహజమైన దారిగా కనిపించింది. అయితే హింటన్ పట్టణానికి ఎగువన ఉన్న బ్లూస్టోన్ ఆనకట్టనుంచి గాలీ బ్రిడ్జ్ దాకా ఇంచుమించు 50 మైళ్ల దూరంలో నది 750 అడుగులు దిగుతుంది. బండరాళ్ల మీదుగా దూకే ఆ ప్రవాహంలో సరకు పడవలు నడవవు. 1812లో అప్పటి సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి జాన్ మార్షల్ వర్జీనియా తరఫున ఒక బృందంతో ఈ దారిని సర్వే చేశాడు. నదుల మీదుగా పడమటికి జలమార్గం వేయాలన్నది ఆనాటి ఆశ. జేమ్స్ నది వైపు కాలువ కొంత దూరం తవ్వారు గాని, న్యూ రివర్ లోయలోకి అది ఏనాడూ రాలేదు.

లోయ లోతు చాలాచోట్ల వెయ్యి అడుగుల దరిదాపుల్లో ఉంటుంది. పైన పీఠభూమి మీద పొలాలు, పల్లెలు, బండి బాటలు ఉండేవి. అడుగున నదికీ కొండకూ మధ్య మిగిలే నేల చాలాచోట్ల ఒక ఇంటికి కూడా చాలదు. కాబట్టి రైలు రాకముందు లోయ అడుగు దాదాపు నిర్జనం. ఊళ్లన్నీ పైనే ఉన్నాయి, ఇప్పుడు కూడా ప్రధానమైన ఊళ్లు పైనే ఉన్నాయి. మధ్యలో ఒక డెబ్బై ఎనభై ఏళ్లు మాత్రమే జనం అడుగుకు దిగి బతికారు. థర్మండ్ చరిత్ర పూర్తిగా ఆ డెబ్బై ఎనభై ఏళ్లలో ఇమిడిపోతుంది.

రైలు మార్గం కోలిస్ హంటింగ్టన్ పెట్టుబడితో వచ్చింది. సెంట్రల్ పసిఫిక్ రైల్వే నిర్మాణంలో పేరు మోసిన ఆయన 1869లో ఈ రైల్వేను చేపట్టి, ఒహాయో నది ఒడ్డున తన పేరుతోనే ఒక పట్టణాన్ని వేయించి, రెండు వైపులనుంచీ పట్టాలు పరిపించాడు. పనిచేసినవారిలో అధికులు అంతర్యుద్ధం తర్వాత బానిసత్వం నుంచి విముక్తులైన నల్లజాతి కూలీలు. కొండలు తొలిచినది, రాళ్లు పేల్చినది, ఆ పనిలో ప్రాణాలు పోగొట్టుకున్నది ఎక్కువగా వారే. 1873 జనవరి 29న హాక్స్ నెస్ట్ దగ్గర రెండు వైపుల పట్టాలూ కలిశాయి. మార్గం నది ఒడ్డునే పోతుంది, ఎందుకంటే ఇంజను ఎక్కగలిగినంత మెల్లని వాలు ఆ కొండల్లో అక్కడ తప్ప మరెక్కడా లేదు. నిర్మాణ ఇంజనీర్లకు ఇది అందివచ్చిన అవకాశం. కాని స్టేషన్లు, యార్డులు పెట్టేవారికి ఇదే పెద్ద చిక్కు అయింది, ఎందుకంటే ఆ ఒడ్డున వెడల్పు లేదు.

అదే 1873లో విలియం థర్మండ్ అనే మాజీ కాన్ఫెడరేట్ (అంతర్యుద్ధంలో దక్షిణ రాష్ట్రాల పక్షపు) కెప్టెన్‌కు ఒక సర్వే పనికి ప్రతిఫలంగా నది ఒడ్డున 73 ఎకరాలు దక్కాయి. డబ్బుకు బదులు భూమి ఇచ్చారంటే ఆనాడు ఆ భూమికి ఎంత విలువ ఉండేదో ఊహించవచ్చు. తర్వాతి పదిహేనేళ్లలో అక్కడ చెప్పుకోదగినదేమీ జరగలేదు. ఎగువన క్విన్నిమాంట్‌లో జోసెఫ్ బ్యూరీ 1873లోనే బొగ్గు రైలెక్కించాడు, దిగువన జాన్ నటల్ గనులు తెరిచాడు, థర్మండ్ మాత్రం పటంలో ఒక పేరుగా మిగిలింది.

దాని దశ తిప్పినది బొగ్గు పొరల ఎత్తు. ఈ విషయం సాధారణ చరిత్రల్లో రెండు ముక్కల్లో తేలిపోతుంది గాని నా దృష్టిలో ఇదే కీలకం. న్యూ రివర్ ప్రాంతపు బొగ్గు తక్కువ పొగతో, ఎక్కువ వేడితో మండే మేలురకం. ఓడలకూ, ఇళ్లకూ, ఉక్కు కొలిమికి కావలసిన కోక్ తయారీకీ దానికి గిరాకీ ఉండేది. స్యూయల్, ఫైర్ క్రీక్ వంటి పొరలు లోయ గోడల్లో చాలా ఎత్తున బయటపడతాయి. కేమూర్ గనిలో బొగ్గు తీసే చోటు నది ఒడ్డున ఉన్న పట్టాలకు 500 అడుగులకు పైగా ఎత్తులో ఉండేది. బొగ్గును వాలు పట్టాల మీద తొట్లలో కిందికి దించి, ఒడ్డున వ్యాగన్లలో నింపేవారు. నటల్‌బర్గ్‌లో హెన్రీ ఫోర్డ్ కంపెనీ 1920లలో ఇదే పనికి కొండ వాలు పొడవునా ఒక పెద్ద కన్వేయర్ కట్టించింది. ఈ పద్ధతిలో ఒక్కో గనికి ఒక్కో యంత్రాంగం కావాలి, ఒడ్డున చోటు వెతుక్కోవాలి.

నదిలో కలిసే పక్క వాగుల వెంట పోతే ఆ బాధ లేదు. వాగు లోయ క్రమంగా పైకి లేస్తూ పోయి, కొన్ని మైళ్లలో బొగ్గు పొర ఎత్తును అందుకుంటుంది. అక్కడ గని ముఖం, వ్యాగన్లు నింపే చోటు, కూలీల ఇళ్లు అన్నీ ఒకే మట్టంలో పెట్టుకోవచ్చు. థర్మండ్‌కు సరిగ్గా ఎదుటి ఒడ్డున కలిసే డన్‌లూప్ వాగు అటువంటిది. ఒహాయో రాష్ట్రంలోని చిలికాతీకి చెందిన థామస్ మెకెల్‌కు భార్య జీన్ డన్ తరఫున ఆ వాగు వెంట విస్తారమైన భూములు వచ్చాయి. గ్లెన్ జీన్ అనే ఊరికి ఆమె పేరే పెట్టాడు. 1880ల చివర అతడు రైల్వేతో మాట్లాడుకుని థర్మండ్ దగ్గర నది మీద వంతెన వేయించాడు, 1890ల తొలి ఏళ్లకు బ్రాంచి లైను వాగు వెంట గనుల్లోకి పోయింది. థర్మండ్ ఒడ్డున ఉన్న ఆ 73 ఎకరాల భూమి అప్పటినుంచి ఒక పెద్ద గనుల ప్రాంతానికంతటికీ ద్వారమైంది.

ఆదాయం లెక్కను కూడా ఈ వెలుగులోనే చూడాలి. థర్మండ్ ఎప్పుడూ ఏమీ ఉత్పత్తి చేయలేదు. అక్కడ ఒక పెద్ద గని లేదు, కర్మాగారం లేదు. బ్రాంచిలలోని గనుల బొగ్గు దాని మీదుగా మెయిన్ లైను ఎక్కింది, ఆ గనుల్లో పనిచేసేవారూ వారిని నడిపేవారూ దాని మీదుగా వచ్చిపోయారు. రోజుకు 15 ప్రయాణికుల బండ్లు, కొన్ని సంవత్సరాల్లో ఏడాదికి 95,000 మంది దాకా ప్రయాణికులు ఆ స్టేషనును వాడుకున్నారంటే, వారిలో ఆ ఊరివాళ్లు ఎందరుంటారు? వందల్లో. స్టేషను గొప్పదనాన్ని ఊరి గొప్పదనంగా చదువుకోవడం వల్లనే తర్వాతి పతనం మనకు వింతగా తోస్తుంది.

ఇక యార్డులో ఏం జరిగేదో చెబుతాను. గనులకు ప్రతి ఉదయం ఖాళీ వ్యాగన్లు కావాలి. సాయంత్రానికి అవి నిండి వెనక్కి రావాలి. ఒక్కో బ్రాంచికి ఒక్కో ఇంజను, ఒక్కో సిబ్బంది బృందం బయలుదేరి, గనికి ఇన్ని చొప్పున ఖాళీలు వదిలి, నిండినవి ఏరుకుని, వంతెన దాటి థర్మండ్ చేరేవి. అక్కడ వాటిని రకాన్ని బట్టి, చేరవలసిన చోటును బట్టి విడదీసి, మెయిన్ లైను బండ్లుగా కూర్చేవారు. తూర్పుకు పోయే బొగ్గు అలెగెనీ పర్వతాలు దాటి వర్జీనియా తీరంలోని న్యూపోర్ట్ న్యూస్ రేవుకు, పడమటికి పోయేది ఒహాయో లోయలోని పరిశ్రమలకు చేరేది. గనుల బ్రాంచిలలో బండి నడపడం మెయిన్ లైను మీద నడపడం వంటిది కాదు. నిటారు వాలు, బిగువైన మలుపులు, అడుగడుగునా షంటింగ్, అంటే వ్యాగన్లను విడదీయడం, జతచేయడం. రోజంతా పనిచేసినా ఇంజను తిరిగే దూరం తక్కువ, అయినా బొగ్గూ నీళ్లూ విపరీతంగా తాగుతుంది. అందుకని సాయంత్రానికి అది తప్పనిసరిగా ఇంటికి రావాలి.

వచ్చిన తర్వాత దానికి జరగవలసిన సేవలు ఒకటీ రెండూ కావు. నిప్పు గూటిలోని బూడిదా, గడ్డకట్టిన చిట్టెమూ తీయాలి. ఇంజను వెనక తగిలించే టెండరు అనే బండిలో బొగ్గు, నీళ్లు నింపాలి. చక్రాలు జారకుండా పట్టాల మీద చల్లే పొడి ఇసుకను ఇంజను పైనుండే డోములోకి ఎక్కించాలి. కదిలే ప్రతి కీలుకూ చమురు పెట్టాలి. ఈ పని అయ్యాక కూడా నిప్పు ఆర్పకూడదు, ఎందుకంటే చల్లబడిన బాయిలరును మళ్లీ వేడెక్కించడానికి గంటలు పడుతుంది. అంటే రాత్రంతా ఒకరు కాపలా ఉండాలి. కొన్ని వారాలకొకసారి బాయిలరును చల్లార్చి, లోపల పేరుకున్న మడ్డిని కడగాలి, కారే గొట్టాలను మార్చాలి. ఇదంతా చేతులతో చేసే పని. ఫిట్టర్లు, బాయిలర్ మేస్త్రీలు, ఖలాసీలు, ఇంజనును షెడ్డులోంచి లైను మీదికి తెచ్చి అప్పగించేవారు, వీళ్లంతా కలిసి ఒక ఊరికి సరిపడా జనం. 1922లో అక్కడ 500 టన్నుల బొగ్గు పట్టే కాంక్రీటు కోలింగ్ టవరు కట్టారు. ఈనాటికీ పట్టాల మీద నిలిచి ఉన్న ఆ టవరు పరిమాణం చూస్తే ఎన్ని ఇంజన్లకు తిండి పెట్టేవారో అర్థమవుతుంది.

బండి నడిపే సిబ్బంది కూడా దగ్గర్లోనే ఉండాలి. 1907లో వచ్చిన కేంద్ర చట్టం రైలు సిబ్బంది చేత ఏకబిగిన 16 గంటలకు మించి పని చేయించకూడదని నిర్దేశించింది. గడువు దాటితే మారు సిబ్బంది సిద్ధంగా ఉండాలి. టెలిఫోను ఇంటింటికీ లేని రోజుల్లో కాల్ బాయ్ వెళ్లి తలుపు తట్టి డ్యూటీకి పిలిచేవాడు. కాబట్టి తలుపు నడిచి వెళ్లగలిగినంత దూరంలోనే ఉండాలి. రైల్వే ఊరు యార్డుకు అంటుకుని ఎందుకు ఉంటుందో, అంత పొగలో, అంత చప్పుడులో కుటుంబాలు ఎందుకు కాపురం పెట్టాయో దీనివల్ల తెలుస్తుంది.

ఊరి ఆకారం దీనికి తగ్గట్టే వచ్చింది. థర్మండ్‌లో ప్రధాన వీధి లేదు. కొండకు వీపు ఆనించి, పట్టాలకు ముఖం పెట్టి, వరసగా కట్టిన ఇటుక భవనాలే బజారు. దుకాణం మెట్టు దిగితే కాలు పడేది రైల్వే స్థలంలో. 1904 నాటి మ్యాన్కిన్-కాక్స్ భవనం, 1906 నాటి గుడ్‌మన్-కింకెయిడ్ భవనం, 1917 నాటి బ్యాంకు భవనం అదే వరసలో ఇప్పటికీ ఉన్నాయి. ఇళ్లు వాటి వెనక కొండ వాలు మీద, మెట్ల దారుల చివర ఉండేవి. అంతకుముందున్న స్టేషను 1903లో కాలిపోగా 1904లో కొత్తది కట్టారు. ఎదగడానికి చోటు లేదన్న సంగతి గుర్తుంచుకోండి. 1930 లెక్కల్లో కూడా ఊరి హద్దుల్లోని జనాభా 462 మాత్రమే. చుట్టుపక్కల లోయల్లో వేలమంది ఉన్నారు, వాళ్ల రాకపోకలన్నీ ఇటే జరిగాయి, కాని వాళ్లు ఇక్కడ ఉండడానికి నేల లేదు.

సారా, జూదం, పిస్తోళ్ల కథల మీద మీకు ఆసక్తి ఉన్నట్టు మీ ప్రశ్నలో కనిపించింది, కాబట్టి కొద్దిగా చెబుతాను. కెప్టెన్ థర్మండ్ నిష్ఠగల బాప్టిస్టు. తన భూమి మీద మద్యం అమ్మనివ్వలేదు. అవతలి ఒడ్డు మెకెల్‌ది, అతనికి అలాంటి పట్టింపు లేదు. 1901లో అతడు అక్కడ డన్ గ్లెన్ అనే వంద గదుల హోటలు తెరిచాడు. ఆ హోటల్లో ఒక పేకాట 14 ఏళ్లు ఆగకుండా సాగిందని చెప్పుకుంటారు. దాన్ని కథగానే ఉంచండి, ఆధారంగా వాడకండి. కాని డబ్బు అక్కడ ఎందుకు కురిసిందో చెప్పే కారణం మాత్రం గట్టిది. చుట్టుపక్కల గనుల పేటలన్నీ కంపెనీల సొంతం. కూలీకి జీతంలో చాలా భాగం కంపెనీ టోకెన్ల రూపంలో వచ్చి, కంపెనీ దుకాణంలోనే ఖర్చయ్యేది. నగదు చేతిలో మిగిలినవాడు, దాన్ని తనకు నచ్చిన చోట ఖర్చు పెట్టాలనుకున్నవాడు, బండెక్కి థర్మండ్ వచ్చేవాడు. గనుల యజమానులూ అక్కడే దిగి, అక్కడి బ్యాంకుల్లోనే లావాదేవీలు నడిపేవారు. ఆ బ్యాంకులు ఒకప్పుడు రాష్ట్రంలోకెల్లా ధనికమైనవని పేరుపొందాయి. 1914లో వెస్ట్ వర్జీనియా రాష్ట్రవ్యాప్తంగా మద్యనిషేధం విధించడంతో అవతలి ఒడ్డు సారా అంగళ్లకు దెబ్బ తగిలింది. మొదటి ప్రపంచ యుద్ధకాలపు బొగ్గు గిరాకీ ఆ లోటు కనబడనివ్వలేదు.

పతనాన్ని వివరించేవారు సాధారణంగా అగ్నిప్రమాదాలతో మొదలుపెడతారు. 1922లో మంటలు బజారులో పెద్ద భాగాన్ని తినేశాయి. 1930లో డన్ గ్లెన్ హోటలు కాలిపోయింది. ఆ మరుసటి ఏడాది, మాంద్యంలో, నేషనల్ బ్యాంకు మూతపడింది. తేదీలు సరైనవే గాని ఇవి కారణాలు కావు. ఊరు బతికి ఉన్నప్పుడు 1903లో స్టేషను కాలితే ఏడాదిలో మళ్లీ కట్టారు. 1930లో హోటలు కాలితే ఎవ్వరూ కట్టలేదు. ఈ రెంటి మధ్య ఏం మారిందన్నదే అసలు ప్రశ్న. 1921లో థర్మండ్‌కు రోడ్డు వచ్చింది. అంతవరకూ రైలు తప్ప లోయ అడుగుకు మరో దారి లేదు కాబట్టి, గ్లెన్ జీన్ మనిషి ఎక్కడికి పోవాలన్నా ఇక్కడే బండి మారాలి, రాత్రయితే ఇక్కడే బస చేయాలి, ఖాళీగా ఉన్నంతసేపూ ఇక్కడే డబ్బు ఖర్చు పెట్టాలి. రోడ్డు పడ్డాక, మోటారు కార్లు వచ్చాక, ఆ మనిషి లోయలోకి దిగవలసిన పనే లేకుండా పోయింది. పీఠభూమి మీది బెక్లీ, ఓక్ హిల్ పట్టణాలు పెరిగాయి. థర్మండ్‌కు వచ్చిన రోడ్డు ఎక్కువగా బయటికి పోవడానికే పనికొచ్చింది. చెరువు గట్టుకు గండి పడితే నీళ్లు పల్లానికి పోయినట్టు, ఈ లోయలో వ్యాపారం మెట్టకు పోయింది.

వ్యాపారం పోయినా యార్డు ఉంది. మాంద్యంలోనూ, రెండో ప్రపంచ యుద్ధ కాలంలోనూ ఊరిని నిలబెట్టినది యార్డే. దాన్ని తీసివేసినది డీజిల్. ఈ రైల్వే డీజిల్‌కు మారడంలో ఆలస్యం చేసిన సంస్థ. తన సరకులో అత్యధిక భాగం బొగ్గే అయినప్పుడు, బొగ్గు గనుల యజమానులే తన ఖాతాదారులైనప్పుడు, బొగ్గుతో నడిచే ఇంజనును వదులుకోవడానికి ఏ యాజమాన్యమైనా వెనకాడుతుంది. ఎంతవరకూ వెనకాడారంటే, 1940ల చివర కూడా గనుల బ్రాంచిల కోసం బాల్డ్విన్ కర్మాగారానికి కొత్త ఆవిరి ఇంజన్లు పురమాయించారు. ఆర్డరు 25కు ఇచ్చి, మధ్యలో మనసు మార్చుకుని 10కి తగ్గించారు. వాటిలో చివరిదైన 1309 నంబరు ఇంజను, బాల్డ్విన్ అమెరికా రైల్వేలకు తయారుచేసిన ఆవిరి ఇంజన్లలో కూడా చివరిది. ఏడేళ్లు తిరగకముందే, 1956లో, దాన్ని పక్కన పెట్టారు. అదే ఏడాదితో ఆ రైల్వేలో ఆవిరి యుగం ముగిసింది. థర్మండ్ ప్రాంతంలో డీజిళ్లు 1949 నుంచే వచ్చాయి.

డీజిల్ ఇంజనుకు నీళ్ల టవరు అక్కర్లేదు, బూడిద గుంట అక్కర్లేదు, రాత్రి కాపలా అక్కర్లేదు. ఆవిరి ఇంజను బొగ్గులోని శక్తిలో పదో వంతును కూడా లాగే పనిలోకి మార్చలేదు, డీజిల్ తన ఇంధనంలో నాలుగో వంతుకు పైగా మారుస్తుంది. రెండు మూడు డీజిళ్లను జతచేసి ఒకే డ్రైవరు నడపగలడు. రోజుల తరబడి షెడ్డుకు రాకుండా తిరుగుతుంది. మరమ్మతు అవసరమైతే దూరాన ఉన్న పెద్ద షెడ్డుకు పోతుంది. ఈ మార్పును సామాజిక శాస్త్రవేత్త డబ్ల్యూ.ఎఫ్. కాట్రెల్ 1951లోనే, అమెరికా నైరుతి ఎడారిలోని ఒక రైల్వే ఊరిని తీసుకుని వివరించాడు. రైల్వే మీద నమ్మకంతో అక్కడే ఇల్లు కట్టుకున్న పనివాడే ఎక్కువ నష్టపోయాడని అతడు చూపించాడు. థర్మండ్‌కూ అది అక్షరాలా వర్తిస్తుంది, ఒక్క తేడాతో: అక్కడ ఇళ్లు కట్టుకునే నేలే తక్కువ కాబట్టి పోగొట్టుకున్న ఇళ్లు కూడా తక్కువ.

బొగ్గు వాదాన్ని ఇప్పుడు తూచి చూడవచ్చు. న్యూ రివర్ లోయలోని గనులు ఎక్కువగా 1950ల చివర, 1960ల మొదట్లో మూతపడ్డాయి. నటల్‌బర్గ్ 1958లో, కేమూర్ 1962లో. అప్పటికి థర్మండ్ షెడ్డు పని అడుగంటి పదేళ్లయింది. రాష్ట్రం మొత్తం చూస్తే బొగ్గు ఉత్పత్తి చచ్చిపోలేదు. 1990ల చివరి ఉత్పత్తి 1947 నాటి శిఖరాన్ని దాటింది. అయితే 1940ల చివర లక్షకు పైగా ఉన్న గని కార్మికులు 1990ల చివరికి ఇరవై వేల లోపుకు వచ్చారు. కొండ లోపలా, పట్టాల మీదా జరిగినది ఒకటే: తక్కువ మనుషులతో అదే పని లేదా అంతకంటే ఎక్కువ పని. కాబట్టి మీరు రాయబోయే దానిలో బొగ్గు అయిపోవడం అనే మాటకు బదులు, మనిషి అవసరం తగ్గడం అని రాస్తే నిజానికి దగ్గరగా ఉంటుంది.

ఈనాటి స్థితి క్లుప్తంగా చెబుతాను. పాత రైల్వే పలు విలీనాల తర్వాత సీఎస్ఎక్స్ అయింది, దాని గూడ్సు బండ్లు ఆ మార్గంలో నడుస్తూనే ఉన్నాయి. ఆమ్‌ట్రాక్ వారి కార్డినల్ అనే ప్రయాణికుల బండి న్యూయార్క్ నుంచి షికాగోకు పోతూ వారానికి మూడు రోజులు ఈ దారిన వస్తుంది, ఎవరైనా ఎక్కేవారు దిగేవారు ఉంటేనే థర్మండ్‌లో ఆగుతుంది. 1968లో రాష్ట్రంలో మొదటి వాణిజ్య తెప్పల విహారం ఇక్కడినుంచే మొదలైంది. పడవను సాగనివ్వని రాళ్లే ఇప్పుడు జనాన్ని రప్పిస్తున్నాయి. 1978లో లోయను జాతీయ నదిగా ప్రకటించారు, 2020 డిసెంబరులో అది జాతీయ ఉద్యానవనం అయింది. పాత ఇంజను షెడ్డు 1993లో కాలిపోయింది. స్టేషను భవనాన్ని నేషనల్ పార్క్ సర్వీసు బాగుచేసి 1995లో సందర్శకుల కేంద్రంగా తెరిచింది. చట్టం దృష్టిలో ఇది ఇంకా పురపాలకమే. 2005 స్థానిక ఎన్నికల్లో ఊళ్లో ఉన్న ఏడుగురిలో ఆరుగురు ఏదో ఒక పదవికి పోటీ చేశారు.

పోలికకు అదే నది ఎగువన ఉన్న హింటన్‌ను తీసుకోండి. అదీ అదే రైలు మార్గం వల్ల పుట్టినదే, అదీ ఆవిరి ఇంజన్ల మీద బతికినదే. పైగా డివిజను కేంద్రం కాబట్టి దాని షెడ్లు ఇంకా పెద్దవి. 1930లో ఆరు వేలకు పైగా ఉన్న జనాభా 2020 నాటికి రెండు వేల పైచిలుకుకు తగ్గింది. తగ్గింది గాని అంతరించలేదు. అక్కడ లోయ విశాలం, కాబట్టి వీధులు వేసుకునే నేల ఉంది. సమ్మర్స్ కౌంటీ కచేరీ ఆ ఊళ్లోనే ఉంది, కాబట్టి రైలుతో సంబంధం లేని రాకపోకలు ఉన్నాయి. గ్రీన్‌బ్రయర్ నది కలిసే చోటు కాబట్టి రోడ్లు సహజంగా అటు చేరాయి. థర్మండ్‌కు ఈ మూడింటిలో ఒక్కటీ లేదు.

మీ పరిశోధనకు పనికివచ్చే సూచన ఒకటి. ముందుగా శాన్‌బోర్న్ కంపెనీ వేసిన అగ్ని బీమా పటాలలో ఆ కాలపు భవనాల వరసను చూడండి. దానితో పాటు రైల్వే తన సిబ్బందికి అచ్చువేసిన పని టైంటేబుళ్లను పక్కన పెట్టుకోండి. నీళ్లూ బొగ్గూ ఏ స్టేషన్లలో దొరికేవో, ఏ బ్రాంచి ఎక్కడ విడిపోయేదో వాటిలో ఉంటుంది. ఒకే స్టేషను గురించి 1920ల టైంటేబులు, 1950ల టైంటేబులు పక్కపక్కన పెట్టి, రెండోదానిలో ఏ సౌకర్యాలు కొట్టివేశారో గుర్తించండి. ఆ తర్వాత పదేళ్లకొకసారి జరిగే జనాభా లెక్కల్లో వృత్తుల వరస చదవండి. బాయిలర్ మేస్త్రీలు, ఇంజను షెడ్డు ఖలాసీలు కనిపించకుండా పోయిన దశాబ్దాన్ని మూతపడిన గనుల తేదీలతో సరిచూస్తే, పైన నేను చెప్పినదాన్ని మీరే ఒప్పుకోవచ్చు, లేదా ఖండించవచ్చు.